జలగి అని రాసుకుని ౙలగి అని చదివిన కేసు: అనువాద సాధనాలతో చెరొకీ ఉచ్చారణాభ్యాసం

ఈ కేసులోని అభ్యాసకురాలు గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన ఫార్మసిస్టు. అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రం ఈశాన్య భాగంలో, చెరొకీ నేషన్ (అమెరికా మూలవాసులైన చెరొకీ ప్రజల స్వపరిపాలన ప్రభుత్వం) రాజధాని టాలక్వాకు దగ్గరలో ఉన్న ఒక క్లినిక్కులో మందుల కౌంటరు దగ్గర పనిచేస్తున్నారు. ఆ కౌంటరుకు వచ్చే పెద్దవాళ్ళలో కొందరి మాతృభాష చెరొకీ. వాళ్ళకు ఇంగ్లీషు బాగానే వచ్చు కాబట్టి పనికి ఏ ఇబ్బందీ లేదు. అయినా రోజూ ఎదురుపడే మనుషులను వాళ్ళ భాషలో పలకరించాలన్న కోరికతో ఆమె ఫోనులోని అనువాద సాధనాలను, ఒక ఆన్‌లైన్ నిఘంటువును పట్టుకుని రెండు నెలల పాటు ఒంటరిగా సాధన చేశారు. పలకరింపు విన్నవాళ్ళు నవ్వి ఇంగ్లీషులో జవాబు చెప్పేవారు. ఒక పెద్దాయన మాత్రం ఎంతో దయగా, అది ఏ భాష అని అడిగారట. ఆ ప్రశ్న తరువాతే ఆమె నా దగ్గరకు వచ్చారు.

నేను అదే రాష్ట్రంలోని టల్సా నగరంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను; తెలుగువాళ్ళ ఇంగ్లీషు ఉచ్చారణతో కుస్తీ పట్టడం నా పనిలో పెద్ద భాగం. నాకు చెరొకీ రాదు. ఒక ధ్వనిని విని అది నోటిలో ఎక్కడ పుట్టిందో చెప్పగలను, అభ్యాసకుడి నాలుకను అక్కడికి నడిపించగలను. అంతకు మించి ఈ భాషలో నాకు ఏ అధికారమూ లేదు. అందువల్ల మూడో మనిషిని, ఆ ప్రాంతంలోనే పుట్టి చెరొకీని మొదటి భాషగా నేర్చిన ఒక పెద్దావిడను, గంటకు ఇంత అని రుసుము మాట్లాడుకుని ఉపాధ్యాయురాలిగా కలుపుకున్నాము. ఆమె గొంతును రికార్డు చేయడానికి అనుమతి తీసుకున్నాము. ఆ రికార్డింగులు అభ్యాసకురాలి ఫోను దాటి బయటకు పోకూడదన్నది ఆమె పెట్టిన షరతు. పద్నాలుగు వారాలు, వారానికి రెండు సార్లు, ఒక్కొక్కసారి నలభై నిమిషాల చొప్పున పని సాగింది.

భాష నేపథ్యం రెండు మాటల్లో చెప్పాలి. చెరొకీ ఇరొక్వాయన్ అనే భాషా కుటుంబంలో దక్షిణ శాఖకు మిగిలిన ఒకే ఒక్క భాష. 1838-39లో ఆ ప్రజల్లో అత్యధికులను అమెరికా ప్రభుత్వం బలవంతంగా పడమటికి తరలించింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు. తరలిపోయినవారి వారసులు ఒక్లహోమాలోను, కొండల్లో నిలిచిపోయినవారి వారసులు నార్త్ కరోలినాలోను ఉన్నారు. మాండలికాలు కూడా ఈ రెండు చోట్లా వేరుపడ్డాయి. 2019లో మూడు చెరొకీ తెగల ఉమ్మడి మండలి భాషకు అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. ఆనాటికి దానిని మొదటి భాషగా మాట్లాడేవారు సుమారు 2 వేల మంది; వారిలో ఎక్కువమంది వయసు మళ్ళినవారు. కౌంటరు దగ్గరకు వచ్చే ప్రతి పెద్ద మనిషీ ఈ అభ్యాసకురాలికి ఎందుకంత ముఖ్యమో ఆ అంకె చెబుతుంది.

ఇక లిపి. ఇంగ్లీషు చదవడం రాని సెక్వోయా అనే చెరొకీ మనిషి 1821 నాటికి ఒంటరిగా ఒక అక్షరమాలను పూర్తి చేశాడు. ఏడేళ్ళకే, 1828లో, ఆనాటి చెరొకీ రాజధాని న్యూ ఎచోటాలో ఆ లిపిలో వార్తాపత్రిక అచ్చయింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 అక్షరాలు. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క గుణింతపు ముక్కను సూచిస్తుంది. మన గుణింతానికి అలవాటుపడిన కంటికి ఇది చుట్టంలా కనిపిస్తుంది గాని, హల్లుకూ అచ్చుకూ వేరువేరు గుర్తులుండవు. 'గ'ను చూసి 'గి'ని ఊహించలేము. ఈ వ్యాసంలో చెరొకీ మాటలను తెలుగు లిపిలో దగ్గరి ధ్వనులతోనే రాస్తున్నాను. ఒత్తుల కోసం ఖ, థ వంటి అక్షరాలను వాడాను. అచ్చుల నిడివిని గాని, స్వరస్థాయిని (అచ్చు పలికేటప్పుడు గొంతు పైకి లేవడం, కిందికి దిగడం) గాని ఈ రాత చూపదని పాఠకులు గమనించాలి.

మొదటి పరీక్ష

అభ్యాసకురాలు తన కౌంటరుకు పనికివచ్చే నలభై మాటలను తానే ఏరుకున్నారు: పలకరింపు, కృతజ్ఞత, అంకెలు, నీళ్ళు, ఉప్పు, మందు, డాక్టరు, మాటామంతీకి పనికివచ్చే కుక్క, పిల్లి, తోడేలు, ఎలుగుబంటి. తన నోటుబుక్కులో రాసుకున్న ప్రకారం వాటిని చదవగా రికార్డు చేశాము. పట్టిక చూపకుండా ఆ రికార్డింగును ఉపాధ్యాయురాలికి వినిపించి, ఏ మాట వినబడిందో చెప్పమన్నాము. ఈ పద్ధతి కటువైనదే; కాని ఉచ్చారణ బాగుందా లేదా అని అడిగితే మర్యాదస్తులైన పెద్దవాళ్ళు బాగుందనే అంటారు, ఏం వినబడిందని అడిగితేనే నిజం తెలుస్తుంది. ఆమె గుర్తుపట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే: ఒసియో అనే పలకరింపు, మొక్కజొన్న అని అర్థమిచ్చే సేలు, మరి కొన్ని.

తప్పులను విడదీసి చూస్తే వాటిలో సగానికి చెరొకీతో సంబంధం లేదు. అవి మన ఇంగ్లీషు అలవాట్లు. కృతజ్ఞతకు చెరొకీలో వాడే మాటను రోమన్ లిపిలో డీ అక్షరంతో రాస్తారు. తెలుగువాళ్ళు రోమన్‌లో డీ కనబడితే డకారం, టీ కనబడితే టకారం చదువుతారు. దంత్యాలు కావాలంటే పక్కన హెచ్ చేర్చి లలిత పేరును రోమన్‌లో 'టీహెచ్'తో రాసే అలవాటు మనది. ఫలితంగా ఆమె నోట అది "వాడో" అయింది. మందు చేతికిచ్చి "వాడో" అనడం తెలుగు చెవికి ఎలా వినబడుతుందో వేరే చెప్పనక్కరలేదు. చెరొకీలో ఆ ధ్వని పుట్టేటప్పుడు నాలుక కొన పళ్ళ వెనుక చిగురును తాకుతుంది, వెనక్కి మడత పడదు. మన మూర్ధన్యాలు ఆ భాషలో లేవు. టకార డకారాలను మరిచిపోయి, దకారాన్ని పళ్ళ మీది నుంచి ఒక్క నూలు వెనక్కి జరపమని చెప్పగానే "వదో" దారికి వచ్చింది. ఈ ఒక్క సవరణ పది మాటలను ఒకేసారి బాగుచేసింది.

మిగిలిన సగం తప్పులు వేరే జాతివి. వాటిని అర్థం చేసుకోవాలంటే ఆమె వాడిన సాధనాలు ఏం ఇస్తున్నాయో చూడాలి.

సాధనాలు ఇచ్చినవి, ఇవ్వనివి

చెరొకీ లిపి యంత్రాల్లోకి చాలా చిన్న భాషల కంటే ముందే వచ్చింది. 1999లో యూనికోడ్‌లోను (ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి సంకేతాల పట్టిక), 2010లో ఐఫోన్‌లోను, 2012లో విండోస్ 8లోను చోటు దొరికింది. అక్షరాలు తెరమీద కనబడతాయి, టైపు చేయవచ్చు, వెతకవచ్చు. అయితే అక్షరాలు వచ్చినంత తేలికగా గొంతు రాలేదు. ఆమె ఫోనులో చెరొకీ చదివే కంఠం లేదు. నిఘంటువు ఇచ్చిన రోమన్ రూపాన్ని ఫోను ఇంగ్లీషు కంఠంతో చదివి వినిపించేది. చెరొకీని రోమన్‌లో రాసేటప్పుడు వీ అక్షరాన్ని ఒక అచ్చుకు వాడతారు; అది ముక్కుతో పలికే ఒక మధ్యస్థ అచ్చు. మందుకు చెరొకీ మాట సుమారుగా నఁవొథి. ఫోను దానిని "ఎన్ వీ వోటీ" అని చదివింది, ఆమె రెండు నెలలు అలాగే పలికారు. అవును అని చెప్పే మాటలో ఆ అచ్చు తప్ప వేరే ధ్వనే లేదు. ఫోను దానిని "వీ వీ" అంది.

కెమెరాతో బోర్డులు చదివించే సాధనం మరొక వింత చేసింది. సెక్వోయా అక్షరాల్లో చాలావాటి రూపం రోమన్ అక్షరాలను పోలి ఉంటుంది, ధ్వనికి మాత్రం సంబంధం ఉండదు: అకారం అచ్చం డీలా, ఎకారం ఆర్‌లా, ఇకారం టీలా కనిపిస్తాయి, లకారపు అక్షరం డబ్ల్యూలా ఉంటుంది. టాలక్వాలో ఆగుము అని చెప్పే వీధి బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరొకీ కూడా ఉంటుంది. ఆ చెరొకీ మాటను ఫోను డీతో మొదలయ్యే అర్థంలేని ఇంగ్లీషుగా చదివి, దానికి అనువాదం కూడా ఇచ్చింది. ఏమీ తెలియదని చెప్పకుండా ఏదో ఒకటి చెప్పడం ఈ సాధనాలన్నిటికీ ఉన్న జబ్బు.

యంత్రానువాదం సంగతికి వస్తే, 2020లో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు చెరొకీ-ఇంగ్లీషు అనువాదం కోసం సిద్ధం చేసిన సమాంతర వాక్యాలు (రెండు భాషల్లోనూ జతగా ఉన్నవి) సుమారు 14 వేలు; అందులో క్రొత్త నిబంధన పాఠానికి పెద్ద వాటా ఉంది. పెద్ద భాషల అనువాద యంత్రాలు కోట్ల వాక్యాలు మేసి పెరుగుతాయి. అంత తక్కువ మేత మీద నిలబడిన యంత్రం మందుల కౌంటరు మాటలకు తడబడితే ఆశ్చర్యం లేదు. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆ వాక్యాలు రాసినవి. వాటిలో ధ్వని లేదు. మేము ఒక సంభాషణా కృత్రిమ మేధను "ఈ మందును భోజనంతో వేసుకోండి" అన్న వాక్యం అడిగాము. చూడడానికి నిండుగా ఉన్న ఒక వాక్యాన్ని అది క్షణంలో ఇచ్చింది. ఉపాధ్యాయురాలు దానిని మూడుసార్లు చదివి, ఇందులో రెండు మాటలు మావే గాని ఇది వాక్యం కాదు అన్నారు. ఆ రోజు నుంచి యంత్రం ఇచ్చిన ఏ వాక్యాన్నీ మందులకు సంబంధించి రోగితో అనకూడదని నియమం పెట్టుకున్నాము. పలకరింపు తప్పితే నవ్వుకుంటారు, మోతాదు తప్పితే నవ్వేదేమీ ఉండదు.

సాధనాల్లో అన్నిటికంటే నమ్మదగినది నిఘంటువు. అయినా అసలు చిక్కు అక్కడే ఉంది, ఎందుకంటే నిఘంటువు లిపిని నిజాయితీగానే రోమన్‌లోకి మార్చింది. ఆ లిపిలోనే కొన్ని సంగతులు లేవు. అల్పప్రాణ మహాప్రాణాల, అంటే ఒత్తులేని ఒత్తున్న హల్లుల, తేడా చెరొకీలో మాట అర్థాన్ని మార్చేదే, కాని గ-ఖ, ద-థ, దె-థె, ది-థి వంటి కొన్ని జంటలకే వేర్వేరు అక్షరాలున్నాయి. 'దొ'కూ 'థొ'కూ ఒకటే అక్షరం, 'గి'కీ 'ఖి'కీ ఒకటే. బాగున్నారా అని అడిగే మాటను అక్షరాలవారీగా చదివితే దొ-హి-జు, పలికేది థొహిజు. ఆ ప్రజల ప్రాచీన గ్రామం పేరు ఇంగ్లీషులో కిటువా అని ఖకార టకారాలు వినబడేలా రాస్తారు, లిపిలో మాత్రం అది గి-దు-వ. మాట మధ్య వచ్చే హకారాన్ని లిపి చాలాచోట్ల వదిలేస్తుంది: తోడేలును వ-య అని రాసి వహ్య అని పలుకుతారు; నాలుగును నఁ-గి అని రాసి నఁహ్గి అంటారు; ఆగుము బోర్డు మీద అ-లె-వి-స్-ది-హ అని ఉంటుంది, నోట అలెహ్విస్దిహ. సకారానికి తప్ప మరే హల్లుకూ విడి అక్షరం లేదు కాబట్టి సంయుక్తాక్షరం రాయాలంటే మధ్యలో పలకని అచ్చు ఒకటి వచ్చి కూర్చుంటుంది. డాక్టరును గ-న-గ-థి అని రాసి గనక్థి అంటారు. అభ్యాసకురాలు నాలుగు అక్షరాలనూ శ్రద్ధగా, సమానంగా పలికేవారు. ఇక అచ్చుల నిడివి, స్వరస్థాయి లిపిలో బొత్తిగా కనబడవు. నీళ్ళకూ ఉప్పుకూ ఒకే రెండు అక్షరాలు, అ-మ. తేడా అంతా మొదటి అచ్చును పలికే తీరులో ఉంది.

దీనిని లిపి లోపం అనడానికి నాకు మనసొప్పదు. ఈ లిపి భాష తెలిసినవారు తమలో తాము రాసుకోవడానికి పుట్టింది. తెలిసినవారికి ఈ వివరాలు అక్కరలేదు. మన లిపిలోనూ ఇలాంటిది ఉందని ఈ కేసే నాకు గుర్తుచేసింది, ఆ సంగతి కాస్త తరువాత చెబుతాను.

నా పొరపాటు

మొదటి రెండు వారాల్లో నేను చేసిన పని తప్పు. రోమన్ రూపం ఆమెను ఇంగ్లీషు వైపు లాగుతోందని, తెలుగు లిపిలో రాసుకుంటే బాగుపడుతుందని అనుకున్నాను. తెలుగు లిపికి హ్రస్వ దీర్ఘాలున్నాయి, ఒత్తులున్నాయి, హల్లుకింద హల్లు రాసే సౌకర్యం ఉంది. ఇంతకంటే మంచి పనిముట్టు ఏముంటుందని నా ధీమా. కాబట్టి నిఘంటువు ఇచ్చిన రోమన్ రూపాలన్నిటినీ ఒక సాయంత్రం కూర్చుని తెలుగులోకి దించాము. దొహిజు, వయ, నఁగి, గనగథి. నోటుబుక్కు ముచ్చటగా తయారైంది. రెండు వారాల తరువాత మళ్ళీ రికార్డు చేసి వినిపిస్తే, మూర్ధన్యాలు పోయాయన్న మాట నిజమే గాని, గుర్తుపట్టిన మాటల సంఖ్య పెద్దగా పెరగలేదు. అంతేకాక ముందు తడబడుతూ పలికిన తప్పులను ఇప్పుడు ధీమాగా పలుకుతున్నారు. రాతలో లేని సమాచారాన్ని ఒక లిపి నుంచి మరొక లిపికి మార్చినంత మాత్రాన తేలేమన్న చిన్న విషయం నాకు తట్టడానికి రెండు వారాలు పట్టింది.

మూడో వారం ఆ నోటుబుక్కును పక్కన పెట్టించి వరస మార్చాము. ముందు ఉపాధ్యాయురాలి గొంతులో మాట వినాలి, కనీసం పది సార్లు, ఏ రాతా చూడకుండా. తరువాత విన్నదానిని తెలుగు లిపిలో రాయాలి. ఆ తరువాతే నిఘంటువు తెరిచి, తన రాతకూ లిపి రూపానికీ తేడా ఎక్కడ వచ్చిందో ఎర్ర సిరాతో గుర్తించాలి. ఆ ఎర్ర గుర్తులే ఆ వారం పాఠం. అనువాద సాధనం ఏ మాటకు ఏ అక్షరాలో చెబుతుంది. ఆ అక్షరాలు దాచినదేమిటో చెవి చెబుతుంది. సాధనాన్ని ఇలా ప్రశ్నపత్రంగా వాడుకోవడం మొదలుపెట్టాక, నేను మొదట తిట్టుకున్న నిఘంటువే రోజూ చేతిలో ఉండే పుస్తకమైంది.

తెలుగు లిపిని ఇలా చెవితో నింపినప్పుడు అది నిజంగానే అక్కరకు వచ్చింది. ముక్కుతో పలికే అచ్చుకు అరసున్నాను వాడాము. ఛందస్సులోను, పాత పుస్తకాల్లోను తప్ప కనబడని ఆ అరసున్నాకు అమెరికాలో ఇలాంటి కొలువు దొరుకుతుందని నేనెన్నడూ అనుకోలేదు. ధ్వనిని చూపించడం కూడా తేలికైంది: కథ వింటూ ఊఁ కొట్టేటప్పుడు గాలి ముక్కులోకి ఎలా పోతుందో, పెదవులు గుండ్రంగా చుట్టకుండా అలాగే పోనివ్వమన్నాను. అవును అనే చెరొకీ మాట ఆమెకు ఆ రోజే పట్టుబడింది. మాట మధ్య గొంతు బిగించే ధ్వనిని కూడా లిపి వదిలేస్తుంది. రెండు, మూడు అంకెలను థ-లి, జొ-ఇ అని రాస్తారు గాని, రెండింటిలోనూ మధ్యలో గొంతు క్షణం మూసుకుంటుంది. తెలుగు రాతలో దానికి గుర్తు లేదు, నోటిలో మాత్రం ఉంది. చంటిపిల్లలు ముద్ద వద్దని తల తిప్పుతూ "అఁ అఁ" అన్నప్పుడు రెంటి మధ్య జరిగేది అదే. అక్కడ నిలువు గీత ఒకటి గీసుకున్నాము.

ఒత్తులు మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. లిపిలో ఖ, థ ఉన్నంత మాత్రాన మన నోటిలో ఉన్నట్టు కాదు. వాడుకలో కథను 'కద'కు దగ్గరగా పలికేవాళ్ళమే ఎక్కువ. అరచేతిని పెదవులకు ఎదురుగా పెట్టి గాలి తగిలేదాకా 'థొ' అనిపించాము. మాట మొదట వచ్చే అల్పప్రాణ గకారం చెరొకీలో పూర్తి నాదంతో ఉండదు, మన కకారానికీ గకారానికీ మధ్య ఎక్కడో నిలబడుతుంది. మొదట ఆమె కొన్నిసార్లు 'క' అని, కొన్నిసార్లు 'గ' అని రాసుకుని, తన చెవి చెడిందని దిగులుపడ్డారు. చెడలేదు, రెండూ ఒకటేనని, గాలి ఊదుడు ఒక్కటే చూడమని చెప్పాక స్థిమితపడ్డారు.

జలగి సంగతి

ఆరో వారంలో జరిగిన చిన్న సంఘటన ఈ కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది. చెరొకీ వాళ్ళు తమ భాషను పిలుచుకునే పేరును రోమన్‌లో టీ, ఎస్ కలిపి మొదలుపెట్టి రాస్తారు. ఒక్లహోమాలో ఆ ధ్వని మన తాలవ్య జకారానికి, అంటే జీతంలోని జకారానికి, దగ్గరగా ఉంటుంది. ఉపాధ్యాయురాలి రికార్డింగు విని అభ్యాసకురాలు సరిగ్గానే రాసుకున్నారు: జలగి. మీకు చెరొకీ వచ్చునా అనే ప్రశ్న, జలగిస్ హివొనిస్గి, వారమంతా సాధన చేసి వినిపించారు. ఉపాధ్యాయురాలు ఆగి, ఈ మధ్య నార్త్ కరోలినా వెళ్ళి వచ్చావా అని అడిగారు.

ఎందుకలా అడిగారో మాకు వెంటనే తెలియలేదు. రికార్డింగు మళ్ళీ వింటే అర్థమైంది. గుంటూరు నోటికి అచ్చ తెలుగు మాటల్లో అకారం ముందు జకారం వస్తే అది దంత్యమే: జడ, జల్లెడ, జలగ. రాసేది జకారం, పలికేది ౙకారం. కాబట్టి జలగి అని సరిగ్గా రాసుకున్న మాటను మళ్ళీ చదివేటప్పుడు ఆమె నాలుక జలగ దారి పట్టి ౙలగి అని పలికింది. తూర్పు మాండలికంలో, అంటే నార్త్ కరోలినాలో, ఈ ధ్వని దంత్యంగానే పలుకుతారు. పడమటి చెరొకీ నేర్చుకుంటున్న తెలుగావిడ తనకు తెలియకుండానే తూర్పు యాస పట్టేశారు. ఉపాధ్యాయురాలు చాలాసేపు నవ్వారు. మా భాషలో దాదాపు ఆ మాటకే రక్తం పీల్చే పురుగు అని అర్థమని చెబితే ఇంకా నవ్వారు.

మన లిపి సంగతి ఇక్కడ చెప్పాలి. ౘ, ౙ అనే అక్షరాలను మనం మామూలు రాతలో వదిలేసి చాలాకాలమైంది. తెలుగులో పుట్టి పెరిగినవాడు అక్షరం లేకపోయినా 'చలి'నీ 'చిలక'నూ తప్పు పలకడు. బయటివాడు తెలుగును పుస్తకంలోంచి నేర్చుకుంటే ఎప్పటికీ సరిగా పలకడు. చెరొకీ లిపి హకారాన్ని, నిడివిని వదిలేసిందన్న మాట అభ్యాసకురాలికి నేను ఎన్నిసార్లు చెప్పినా ఒక ఫిర్యాదులానే వినబడింది. జలగి తరువాత ఆ విషయం ఆమె నోటిలోనే నిరూపణ అయింది. నోటుబుక్కులో ఆ ధ్వని వచ్చిన ప్రతిచోటా తలమీద చిన్న చుక్క పెట్టుకుని తాలవ్యమని గుర్తుచేసుకున్నారు.

స్వరస్థాయి

ఒక్లహోమా చెరొకీలో ఆరు రకాల స్వరస్థాయి నడకలున్నాయి: తక్కువ, ఎక్కువ, పైకి ఎక్కేది, కిందికి దిగేది, అట్టడుగుకు జారేది, అన్నిటికంటే పైకి లేచేది. 1975లో చెరొకీ నేషన్ వెలువరించిన డర్బిన్ ఫీలింగ్ నిఘంటువు వీటిని ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలతో చూపింది: రెండు తక్కువ, మూడు ఎక్కువ, ఇరవై మూడులా పక్కపక్కన వేస్తే రెండు నుంచి మూడుకు ఎక్కేది, ముప్ఫై రెండులా వేస్తే దిగేది, ఒకటి అట్టడుగుది, నాలుగు అన్నిటికీ పైది. ఫీలింగ్ స్వయంగా చెరొకీ మాతృభాషీయుడు. లిపి వదిలేసినదంతా ఆ అంకెల్లో ఉంది; యాభై ఏళ్ళ కిందటి అచ్చు పుస్తకం ఈ విషయంలో చేతిలోని ఫోను కంటే మెరుగు.

అభ్యాసకురాలు చిన్నప్పుడు ఆరేడేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. అంకెలు చూడగానే రెండుకు షడ్జమం, మూడుకు గాంధారం పెట్టి పాడేశారు. నేనూ మెచ్చుకున్నాను, అది రెండో పొరపాటు. శ్రుతి పెట్టి పాడితే ప్రతి అచ్చూ సాగింది. హ్రస్వాలన్నీ దీర్ఘాలయ్యాయి, మాటలు కీర్తనలయ్యాయి. భాషలో స్వరస్థాయికి స్థిరమైన శ్రుతి ఉండదు. పక్క అచ్చుతో పోలిస్తే ఎక్కువా తక్కువా అన్నదే లెక్క. సంగీతం వచ్చినవారికి ఇది తేలిక అనుకోవడం సహజమే గాని, ఈ కేసులో ఆ విద్యను కొంతకాలం మరిపించవలసి వచ్చింది.

తరువాత చేసింది ఇది. మాటలోని హల్లులన్నీ తీసేసి, ఉపాధ్యాయురాలి రికార్డింగు మీద ఊఁ అంటూ ఆ నడకను మాత్రమే అనుకరించడం. ఆ తరువాత హల్లులు వెనక్కి చేర్చడం. రెండింటినీ ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పక్కపక్కన పెట్టి స్వరస్థాయి గీతలను పోల్చేవాళ్ళం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈ సాధనం ఏ భాషనూ అనువదించదు, దానికి ఏ భాషా రాదు కూడా; వచ్చిన ధ్వనిని గీసి చూపుతుంది, అంతే. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే నిజాయితీగా పనిచేసిన యంత్రం అది. నీళ్ళు, ఉప్పు అనే రెండు మాటల గీతలను అచ్చు తీసి ఆమె వంటింటి గోడకు అతికించుకున్నారు.

మాట చివరి అచ్చు గురించి ఒక్క మాట. జాగ్రత్తగా పలికినప్పుడు అది కొద్దిగా ముక్కుతో వినబడుతుంది; వేగంగా మాట్లాడేటప్పుడు చాలాసార్లు మొత్తానికే పడిపోతుంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అచ్చును నిలబెట్టి పలకడం మన రక్తంలో ఉంది. దీనిని నేను పెద్దగా దిద్దలేదు. నిదానంగా, పూర్తిగా పలికే బయటి మనిషిని ఎవరూ తప్పుపట్టరని ఉపాధ్యాయురాలు కూడా అన్నారు.

కౌంటరు దగ్గర

పద్నాలుగో వారంలో అదే నలభై మాటల పట్టికను, అదే పద్ధతిలో మళ్ళీ వినిపించాము. ఉపాధ్యాయురాలు ఈసారి చాలావాటిని వినగానే చెప్పారు. తడుముకున్నవాటిలో ఎక్కువ భాగం ఒకే ధ్వని ఉన్నవి: లకారపు స్థానంలో నాలుక పెట్టి, గొంతు పలికించకుండా పక్కల నుంచి గాలి ఊదితే వచ్చేది. కాదు అని చెప్పే మాటలో ఈ ధ్వని తకారంతో కలిసి వస్తుంది. కుక్కకు లిపిలో గి-త్లి, నోట గిహ్లి. తెలుగులో దీనికి దగ్గరి బంధువు కూడా లేదు. ఆమె నోట అది ఇప్పటికీ 'ట్లా'కూ 'క్లా'కూ మధ్య ఊగుతోంది. అద్దం ముందు, నాలుక కొనను కదలనివ్వకుండా, లకారం పట్టి గొంతు ఆపి గాలి మాత్రం వదిలే సాధన రోజుకు ఐదు నిమిషాలు కొనసాగుతోంది. ఇంకో రెండు నెలలు పడుతుందని నా అంచనా. నీళ్ళు, ఉప్పు విడిగా పలికితే తేడా వినబడుతోంది, వాక్యం మధ్యలో వస్తే ఇంకా కలిసిపోతున్నాయి.

సాధనాల వాడకం కూడా మారింది. ఫోను గొంతును పూర్తిగా ఆపేశారు. కెమెరాను మానేసి అక్షరమాలను తానే నేర్చుకున్నారు. గుణింతం చదివిన మనిషికి 85 అక్షరాలు మూడు వారాల పని. సంభాషణా కృత్రిమ మేధను ఇప్పుడు ఒక్క పనికే వాడుతున్నారు: ఉపాధ్యాయురాలిని అడగవలసిన ప్రశ్నలను చక్కగా ఇంగ్లీషులో రాసుకోవడానికి.

పోయిన నెలలో, మొదట ఏ భాష అని అడిగిన పెద్దాయన మళ్ళీ మందుల కోసం వచ్చారు. ఆమె ఒసియో అని, థొహిజు అని అడిగారు. ఆయన తల ఎత్తి చూసి చెరొకీలోనే జవాబు చెప్పారు, ఆగకుండా, అచ్చులు మింగుతూ, పెద్ద పెద్ద క్రియలతో, ఒక నిమిషం పైగా. ఆమెకు అందులో ఒసిగ్వు అనే ఒక్క మాట, బాగున్నాను అన్నది, తప్ప ఏదీ అర్థం కాలేదు. మర్యాదకు ఊఁ కొట్టారు, అది అవును అయిందేమోనని ఆ సాయంత్రం నాకు ఫోను చేశారు. వచ్చే వారం నుంచి వినికిడి మీద పని మొదలుపెడుతున్నాము.